డాక్టర్ దగ్గర చిన్న ఫీజా, పూర్తి ఉచితమా?

ఫీజు పెట్టాలనేవాళ్ల వాదన ఒకటే: ఉచితమైతే ప్రతి తుమ్ముకూ వచ్చేస్తారు, కొంచెం కట్టిస్తే అవసరమున్నవాళ్లే వస్తారు. కానీ ఏది అవసరమో రోగికి ముందే ఎలా తెలుస్తుంది? అమెరికాలో 1970లలో రాండ్ అనే పరిశోధన సంస్థ ఒక ప్రయోగం మొదలుపెట్టింది: కొందరికి వైద్యం ఉచితం, కొందరు కొంత కట్టాలి. అందులో డబ్బు కట్టాల్సినవాళ్లు అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైనదీ తగ్గించుకున్నారు. బీపీ ఉన్న పేదల్లో ఉచితంగా చూపించుకున్నవాళ్లకే అది మెరుగ్గా అదుపులోకి వచ్చింది.

పైగా పేదవాడికి ఖర్చు ఫీజుతో ఆగదు. ఆ పూట కూలి పోతుంది, దారి ఖర్చులు, మందులు ఉండనే ఉన్నాయి. అన్నీ కలిస్తే 'రేపు చూద్దాంలే' అనిపిస్తుంది. బీపీ, షుగర్ మొదట్లో నొప్పి పెట్టవు కాబట్టి ఆ రేపు నెలల తరబడి సాగుతుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

ఫీజు పెట్టి చూసి వెనక్కి తగ్గిన దేశమూ ఉంది: జర్మనీ 2004లో డాక్టర్ దగ్గరికి వెళ్లేవాళ్లకు మూడు నెలలకోసారి 10 యూరోల ఫీజు పెట్టి, 2012 చివరికి ఎత్తేసింది.

ఉచితానికీ చిక్కులున్నాయి. ఉగాండా 2001లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫీజులు తీసేశాక పేదల రాక బాగా పెరిగింది. అలా పెరిగినప్పుడు సరిపడా మందులు, సిబ్బంది లేకపోతే రోగి బయట కొనుక్కోవాల్సిందే. అయినా నా ఓటు ఉచితానికే, దానికి తగ్గ నిధులు ముందే కేటాయిస్తే. పేదలకు మాత్రం మినహాయింపు ఇద్దామంటే, కాగితాలు చూపించలేనివాళ్లకే ముందు అది అందకుండా పోతుంది.