ఓసీడీకి ఏది మేలు: ఈఆర్‌పీనా, మైండ్‌ఫుల్‌నెస్సా?

ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటి టెన్షన్ తగ్గించుకోవడానికి పదేపదే చేసే పనులు ఉండే మానసిక సమస్య) గురించి ఎప్పుడు రాసినా ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఈఆర్‌పీ అంటేనే భయంగా ఉందండీ, దాని బదులు మైండ్‌ఫుల్‌నెస్ చేస్తే సరిపోదా?" అలా అడగడం సహజమే. ఈఆర్‌పీలో (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, అంటే భయపెట్టేదాన్ని ఎదుర్కొని, అలవాటైన పని చేయకుండా ఆగడం) మురికిగా అనిపించేదాన్ని ముట్టుకుని, చేతులు కడుక్కోకుండా కూర్చోమంటారు. మైండ్‌ఫుల్‌నెస్‌లోనేమో కళ్లు మూసుకుని ఊపిరిని గమనించమంటారు. ఎవరి మనసైనా రెండోదానివైపే లాగుతుంది.

నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒక్కటే. ఆలోచన వచ్చాక మీరు చేసే పని ఆగుతోందా, లేదా? పిచ్చి ఆలోచనలు అందరికీ వస్తాయి. వాటిని జబ్బుగా ముదరబెట్టేవి ఆ తర్వాతి పనులు: కడగడం, తాళం మళ్లీ చూడటం, "ఏం కాదు కదా?" అని ఇంట్లోవాళ్లను పదేపదే అడగడం. చేసినప్పుడల్లా టెన్షన్ కాసేపు తగ్గుతుంది, ఆ ఊరటే మళ్లీ చేయిస్తుంది. 1966లో విక్టర్ మేయర్ అనే సైకాలజిస్ట్ ఆసుపత్రిలో తన పేషెంట్లను భయపెట్టే వస్తువుల దగ్గరే ఉంచి, ఈ పనులు మాత్రం చేయనివ్వలేదు. ఈఆర్‌పీకి మూలం అదే.

మైండ్‌ఫుల్‌నెస్ ఈ పనుల జోలికి నేరుగా వెళ్లదు. "నేను బిడ్డకు హాని చేస్తానేమో" అని వణికే తల్లికి, "హాని చేస్తానేమో అన్న ఆలోచన ఒకటి వచ్చింది" అని చూడటం నేర్పుతుంది. ఇది చిన్న విషయమేమీ కాదు. ఆలోచనను తోసేయాలని చూస్తే అది ఇంకా అంటుకుంటుందని 1987లో సైకాలజిస్ట్ డేనియల్ వెగ్నర్, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి చేసిన ప్రయోగంలో చూపించాడు కూడా.

చిక్కల్లా, ధ్యానమే మరో కంపల్షన్‌గా (ఊరట కోసం ఆపుకోలేక చేసే పనిగా) మారిపోవడం. చెడు ఆలోచన రాగానే ఊపిరి మీదికి పరుగెత్తి, రెండు నిమిషాలయ్యాక "పోయిందా?" అని లోపల వెతుక్కుంటున్నారా? అది చేతులు కడుక్కోవడమే, సబ్బు లేదంతే. తమ ఊపిరి, గుటక, కనురెప్పల మీదే అబ్సెషన్ (వదలని ఆలోచన) ఉన్నవాళ్లకైతే ఊపిరిని గమనించడం పరిస్థితిని ఇంకా చెడగొట్టవచ్చు. వాళ్లు చుట్టూ ఉన్న శబ్దాలను గమనించడం నయం.

రెండూ కలిపితే డబుల్ లాభమా? 2018లో బ్రిటన్‌లో ఒక చిన్న ప్రయోగం చేశారు. మైండ్‌ఫుల్‌నెస్ కలిపిన ఈఆర్‌పీ, మామూలు ఈఆర్‌పీ కంటే చెప్పుకోదగ్గ మేలేమీ చూపలేదు. పాల్గొన్నవాళ్లు తక్కువమంది కాబట్టి ఇదే తుది తీర్పు అనను.

అయినా ఒకచోట మాత్రం మైండ్‌ఫుల్‌నెస్‌కు నా ఓటు గట్టిగా పడుతుంది. బయటికి ఏమీ కనిపించకుండా అంతా తలలోనే చేసేవాళ్లుంటారు. జరిగినదాన్ని మళ్లీ మళ్లీ నెమరేయడం, చెడ్డ మాటకు విరుగుడుగా మంచి మాట అనుకోవడం, మనసులోనే లెక్కపెట్టడం లాంటివి. కుళాయి దగ్గరికి వెళ్లకుండా ఆగడం కష్టమే అయినా, వెళ్తున్నామని కనీసం తెలుస్తుంది. తలలో జరిగేది మొదలైనట్టే తెలియదు, తెలిసేసరికి పది నిమిషాలు గడిచిపోతాయి. ఆలోచన ఎక్కడ ముగిసింది, మనం దాన్ని తవ్వడం ఎక్కడ మొదలైంది అన్న గీతను పట్టుకోవడానికి ఈ సాధన అక్కరకొస్తుంది. పట్టుకున్నాక తవ్వకుండా వదిలేయడం మాత్రం మళ్లీ ఈఆర్‌పీ పనే.

ఏసీటీ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) కూడా ఈ కోవలోదే, ఈఆర్‌పీ తెలిసినవాళ్ల దగ్గర అయితే బాగుంటుంది. మందుల సంగతి డాక్టర్‌తో తేల్చుకోవాలి. ఎస్ఎస్ఆర్ఐలు (డిప్రెషన్‌కూ, ఓసీడీకీ ఇచ్చే ఒక రకం మందులు) తగిన డోసులో 8 నుంచి 12 వారాలు వాడాక గానీ పనిచేస్తున్నాయో లేదో చెప్పలేరు. డిప్రెషన్ కంటే ఓసీడీకి తరచూ ఎక్కువ డోసే కావాలి.

థెరపిస్ట్‌ను ఎంచుకునేటప్పుడు, "నా కంపల్షన్లను ఎలా ఆపిస్తారు?" అని మొదటి రోజే అడిగేయండి. జవాబు రిలాక్సేషన్ దగ్గరే ఆగిపోతే ఇంకొకరిని చూసుకోండి.