మిర్చి శాంపిళ్లతో మధ్య అమెరికా: పనామాకు రెండు రోజులు, గ్వాటెమాలాకు ఐదు

మిర్చి, కిరాణా సరుకుకు కొనేవాళ్లను వెతకడానికి వెళ్తూ చేతిలో వారం ఉంటే పనామాకు రెండు రోజులు, గ్వాటెమాలా సిటీకి ఐదు రోజులు ఇవ్వాలి. చాలామంది ప్లాన్ దీనికి తలకిందులుగా ఉంటుంది. పనామాలో ఉండటం హాయి, నిజమే. డాలరే చెల్లుతుంది, మెట్రో ఉంది, శాకాహారం దొరుకుతుంది. కానీ తినే జనం గ్వాటెమాలాలో ఉన్నారు. మధ్య అమెరికాలో అత్యధిక జనాభా ఆ దేశానిదే. పైగా మిరపకాయను వేయించి, నానబెట్టి, రుబ్బి కూర వండే ఇళ్లు కూడా అక్కడివే.

ముందు దారి సంగతి. డల్లాస్, హ్యూస్టన్, మయామీల మీదుగా టికెట్ చవగ్గా కనిపించినా, అక్కడ విమానం మారడానికే అమెరికా వీసా కావాలి. అది లేనివాళ్లకు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పనామాకు నేరు విమానం ఉంది. అక్కడి నుంచి పనామా విమాన సంస్థ కోపా విమానంలో రెండున్నర గంటల్లో గ్వాటెమాలా చేరుకోవచ్చు. ఈస్టర్ ముందు వారంలో, డిసెంబర్ రెండో సగంలో వెళ్లొద్దు. కొనేవాళ్లెవరూ ఆఫీసుల్లో ఉండరు.

పనామా సిటీలో బస ఎల్ కాంగ్రేహో పేటలో చూసుకోండి. మెట్రో స్టేషన్ దగ్గర, నడిచే దూరంలో హోటళ్లు, అద్దె కూడా మధ్యస్థం. పాతబస్తీ కాస్కో వియేహో కళ్లకు బాగుంటుంది గానీ, పొద్దున్నే పనుల మీద బయల్దేరేవాళ్లకు ఇరుకు వీధులతో చికాకు. 80 కిలోమీటర్ల దూరంలోని కొలోన్ ఫ్రీ జోన్‌ను (సుంకం లేకుండా సరుకు ఉంచే వాణిజ్య ప్రాంతం) మాత్రం ఒకసారి చూడాలి. 1948లో పెట్టిన ఆ గోదాముల పట్టణం పొరుగు దేశాలకు సరుకును తిరిగి ఎగుమతి చేస్తుంది. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేయండి. జోన్ గోడ దాటాక కాలినడకన తిరగొద్దు, రాత్రి బస అసలే వద్దు. అక్కడి వ్యాపారం ప్రధానంగా బట్టలు, ఎలక్ట్రానిక్స్, సెంట్లు, మందులు. ఎండుమిర్చికి అది చోటు కాదు. కుండపోత వానల ఊరు. గాలిలో తేమ ఆరని గోదాములో నెల ఉంచితే కాయ మెత్తబడి బూజు పడుతుంది. అప్పడాలు, పచ్చళ్లు, రెడీమేడ్ ఉప్మా ప్యాకెట్లు అయితే పనామా సిటీలో స్థిరపడిన భారతీయుల కిరాణా కొట్లకు అమ్మొచ్చు. అది చిన్న బేరం, కానీ నిలకడగా ఉంటుంది.

గ్వాటెమాలా సిటీని జోన్లుగా విభజించారు. అడ్రసులో వీధి పేరు కన్నా జోన్ నంబరే ముఖ్యం. ఒకే నంబరు వీధి వేర్వేరు జోన్లలో ఉంటుంది కాబట్టి, జోన్ చెప్పకుండా ఊబర్ బుక్ చేస్తే ఊరి అవతల దించుతాడు. బసకు జోన్ 10 మేలు. బ్యాంకులు, పెద్ద హోటళ్లు, సాయంత్రం నడిచి వెళ్లగల భోజనశాలలు అన్నీ ఉన్నాయి. జోన్ 13 విమానాశ్రయం పక్కనే, గెస్ట్‌హౌస్‌లు చవక, ఒక రాత్రికి సరిపోతుంది. అందమైన పాత పట్టణం ఆంటిగ్వా 40 కిలోమీటర్లే గానీ, పనిరోజుల్లో ఉదయం ట్రాఫిక్‌కు రెండు గంటలు అర్పించాలి. ఆదివారానికి అట్టిపెట్టుకోండి. శాకాహారులకు నల్ల చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టెలు, అరటి వేపుడు దొరుకుతాయి. గింజల్లో పంది కొవ్వు కలిసే అవకాశం ఉంది, "సిన్ మాన్తేకా" అని ముందే చెప్పాలి. కరెంటు 120 వోల్టులు. శాంపిల్ కవర్లకు సీలు వేసే మన మిషన్ అక్కడ వేడెక్కదు, ఇంటి దగ్గరే అన్నీ సీలు చేసుకుని వెళ్లండి.

సూపర్‌మార్కెట్ల కన్నా ముందు జోన్ 4లోని లా టెర్మినల్ సంతకు వెళ్లాలి. పొద్దున్నే, స్థానికుణ్ని వెంటబెట్టుకుని, ఫోన్ జేబులోంచి తీయకుండా. ఎండుమిర్చి అంగళ్లలో రాశులుగా పోసేది చీలే గ్వాకే. నాలుగైదు అంగుళాల పొడవు, నున్నటి పలుచని తోలు, వెలుతురుకు అడ్డం పెడితే మెరిసే ముదురు ఎరుపు. పక్కనే నల్లగా ముడతలు పడ్డ చీలే పాసా. ఈ రెండింటినీ పెనం మీద వేయించి, గుమ్మడి గింజలు, నువ్వులు కలిపి రుబ్బితే వాళ్ల పెపియాన్ కూరకు ముద్ద తయారు. రోటి పచ్చడి తెలిసినవాడికి విడమరచి చెప్పక్కర్లేదు. తేడా అంతా ఘాటులో ఉంది. గ్వాకే రంగుకీ వాసనకీ వేస్తారు. మన గుంటూరు రకాల్లో తేజ ఘాటు దానికి పది రెట్లు పైమాటే, 334 రకం కూడా కారమే. కాబట్టి గుంటూరు యార్డులో డీలక్స్ (మేలు గ్రేడు) అనిపించుకున్న తేజను కాయగా చూపిస్తే అంగడివాడు తల అడ్డంగా ఊపుతాడు. చూపించాల్సింది కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే బ్యాడిగి రకం పొడి, ఎరుపు గాఢతను కొలిచే ఆస్టా రంగు విలువ రాసిన ల్యాబ్ రిపోర్టుతో. తేజ పొడికి గిరాకీ చిప్స్ మసాలాలు, సీసా సాసులు చేసే ఫ్యాక్టరీల దగ్గర వెతకాలి. తాలు (రంగు పోయిన నాసి కాయ) కలిసిన పొడి పట్టుకెళ్లొద్దు, నీళ్లలో వేయగానే రంగు చెప్పేస్తుంది.

ఏలకులు మాత్రం పట్టుకెళ్లకండి. ప్రపంచంలో అత్యధికంగా ఏలకులు ఎగుమతి చేసేది గ్వాటెమాలాయే. అది గుంటూరుకు మిరపకాయలు మోయడమే. అదే సంతలో ఎర్రగా కుప్పపోసే "రోసా దే హమైకా" మన ఎర్ర గోంగూర మొక్కదే. మనం ఆకు తింటాం, వాళ్లు కాయ చుట్టూ ఉన్న ఎర్రటి రేకలను ఎండబెట్టి షర్బత్ కాస్తారు. బియ్యం మీద ఆశలొద్దు. అమెరికా బియ్యానికి కాఫ్టా (అమెరికా, మధ్య అమెరికా దేశాల వాణిజ్య ఒప్పందం)తో సుంకం రాయితీ ఉంది. బాస్మతి ఒక్కటే పెద్ద దుకాణాల అరల్లోకి ఎక్కగలదు.

ప్యాకెట్ సరుకుకు అసలు గేటు గ్వాటెమాలా ఆరోగ్య శాఖ ఇచ్చే రెజిస్త్రో సానితారియో, అంటే ఆహార సరుకు రిజిస్ట్రేషన్. గడువు ఐదేళ్లు. మన దగ్గర స్వేచ్ఛా విక్రయ పత్రం (ఈ సరుకు మన దేశంలో అమ్ముడవుతోందనే ధ్రువీకరణ) తీసుకుని, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లే అధికారిక ముద్ర) చేయించి, అక్కడి ప్రమాణ అనువాదకుడితో స్పానిష్‌లోకి మార్పించాలి. రిజిస్ట్రేషన్ పూర్తిగా డిస్ట్రిబ్యూటర్ చేతుల్లో పెట్టారో, రేపు అతనితో చెడితే మళ్లీ మొదటికే వస్తారు. లేబుల్ స్పానిష్‌లో ఉండాలి, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. "ప్యాకింగ్ నుంచి 12 నెలలు" అన్న మన అలవాటు అక్కడ ఇబ్బంది తెస్తుంది, గడువు నెల, ఏడాది అంకెల్లో వేయండి.

ఎండుకాయలకు, గింజలకు దారి వేరు. దిగుమతిదారు ముందు వ్యవసాయ శాఖ నుంచి షరతుల పత్రం తెచ్చి పంపాలి. అందులోని మాటలే మన ఫైటోసానిటరీ సర్టిఫికెట్‌లో (సరుకులో పురుగు, తెగులు లేవనే పత్రం) కనిపించాలి. ఓడ బయల్దేరాక తెచ్చిన సర్టిఫికెట్‌తో గొడవ తప్పదు. చెక్క ప్యాలెట్లకు ఐఎస్‌పీఎం-15 ముద్ర (చెక్కకు పురుగు చికిత్స జరిగిందనే గుర్తు) లేకపోతే రేవులోనే ఆపుతారు. రేవులో ఓఇర్సా (ఆ ప్రాంతపు పంట, పశు ఆరోగ్య సంస్థ) చేసే పొగ చికిత్స ఖర్చు ఎవరిదో బేరంలోనే తేల్చుకోండి. అఫ్లాటాక్సిన్ (బూజు విషం), సుడాన్ రంగు (కల్తీ రంగు) పరీక్షలు గుంటూరులోని స్పైసెస్ బోర్డు ల్యాబ్‌లో ముందే చేయించండి. సముద్రం మీద నెలన్నర పైనే పడుతుంది. కాయ తేమ 11 శాతం దాటకూడదు. కంటెయినర్ గోడలకు క్రాఫ్ట్ కాగితం, పైన తేమ పీల్చే సంచులు కట్టకపోతే పైకప్పు చెమట పై వరస టిక్కీల (మిర్చి బస్తాల) మీదే కారుతుంది.

ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటుంది. గ్వాటెమాలా సిటీ సుమారు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. ప్వెర్తో కెత్సాల్ రేవు నుంచి వంద కిలోమీటర్ల ఘాట్ ఎక్కేసరికి గాలి నింపిన మిక్చర్ ప్యాకెట్లు బుడగల్లా ఉబ్బుతాయి, బలహీనమైన సీలు విడిపోతుంది. గాలి తగ్గించి, సీలు వెడల్పు పెంచండి.

ధర చెప్పేటప్పుడు లెక్క సీఐఎఫ్ (సరుకు, బీమా, ఓడ కిరాయి కలిపిన ధర) మీద వేయండి. ఉదాహరణకు 100 డాలర్ల సరుకుకు సుంకం 10 శాతం అనుకుంటే 110, దాని మీద 12 శాతం వ్యాట్ 13.20, మొత్తం 123.20. ఆపైన ఏజెంటు, లారీ. 60, 90 రోజుల అప్పు అడుగుతారు. ఈసీజీసీ (ఎగుమతి బాకీలకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ) కవరు లేకుండా ఒప్పుకోవద్దు.

తిరుగు ప్రయాణం పనామా మీదుగా అయితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు చేతిలో ఉండాలి, లేకపోతే మన విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు తీసుకెళ్తారు. టీకా పనిచేయడానికి పది రోజులు పడుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, టికెట్ కొనే వారమే వేయించుకోండి.