ఎస్‌క్యూఈ కోచింగ్, ద్వారకానగర్: నా అనుభవం

మన ఇండియా లా డిగ్రీతో ఇంగ్లాండ్‌లో సొలిసిటర్ (అక్కడి ఒక రకం లాయర్) అవ్వాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నా. నేను వైజాగ్‌లోనే లా చదివి బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యి మూడేళ్లు జిల్లా కోర్టులో ప్రాక్టీస్ చేశాను. ముందు ఒక కన్సల్టెన్సీకి వెళ్తే ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) చెయ్యకపోతే కుదరదమ్మా అన్నారు, నాన్నగారు లోన్ కోసం బ్యాంకుకి కూడా వెళ్లొచ్చారు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. సొలిసిటర్ అవ్వడానికి ఎల్‌ఎల్‌ఎం అక్కర్లేదు, 2021 నుంచి ఎస్‌క్యూఈ (సొలిసిటర్స్ క్వాలిఫైయింగ్ ఎగ్జామినేషన్) అనే పరీక్షే దారి, పైగా ఆల్రెడీ లాయర్లు అయినవాళ్లకి రెండేళ్ల వర్క్ ఎక్స్‌పీరియన్స్ కూడా అడగరు.

ఈ మాట మొదటిరోజే చెప్పింది వైజాగ్ ద్వారకానగర్‌లోని ఈ కోచింగ్ సెంటర్ సారే. సార్ ప్రాపర్టీ లా క్లాస్ మాత్రం సూపర్ అండి. మన దగ్గర సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్రలేసి వస్తే రిజిస్ట్రేషన్ అయిపోతుంది కదా, ఇంగ్లాండ్‌లో ముందు అమ్మేవాళ్లు, కొనేవాళ్లు సంతకం చేసిన కాంట్రాక్టులు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవాలి, తర్వాత కంప్లీషన్ (డబ్బు కట్టి ఆస్తి చేతికి తీసుకోవడం), ఆ తర్వాతే ల్యాండ్ రిజిస్ట్రీలో నమోదు, ఇదంతా మన సేల్ డీడ్ ఒకటి చేత్తో పట్టుకుని లైన్ బై లైన్ పోల్చి చెప్పారు.

పరీక్ష మొదటి దశ ఎస్‌క్యూఈ1లో 360 ప్రశ్నలు, రెండు పేపర్లు, మాక్ టెస్టులు బాగానే పెడతారు. రెండో దశ ఎస్‌క్యూఈ2లో ఓరల్స్‌కి (మాట్లాడి చూపించే పరీక్షలకి) మాత్రం ప్రాక్టీస్ చాలట్లేదు, అవి ఇంగ్లాండ్ లేదా వేల్స్ వెళ్లే ఇవ్వాలి కాబట్టి టికెట్, వీసా ఖర్చు ముందే లెక్కేసుకోండి. ఏసీ సరిగా పనిచెయ్యదు, మే నెలలో కష్టమే. అయినా నా తమ్ముడిని కూడా ఇక్కడే చేర్పిస్తున్నా.