లండన్ ట్యూబ్‌లో (మెట్రో రైల్లో) ఫోన్‌తో ఎక్కి కార్డుతో దిగితే రెండు వాతలు

ఊరి నుంచి అమ్మానాన్నల్ని లండన్ పిలిపించుకుంటున్నవాళ్లు, ఇక్కడికి కొత్తగా వచ్చినవాళ్లు ఇది కాస్త ఓపిగ్గా చదవండి. మాకు చేతి చమురు వదిలాక తెలిసిన సంగతి.

మా నాన్న గుంటూరు నుంచి వచ్చి మూడు నెలలు ఉన్నారు. ఇంట్లో కూర్చోమంటే కూర్చునే మనిషి కాదు. సొంతంగా తిరగడానికి పనికొస్తుందని ఈస్ట్ హామ్‌లో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ఐఫోన్ కొన్నాను. నా డెబిట్ కార్డు అందులో యాపిల్ పేకి (ఐఫోన్‌తోనే డబ్బు కట్టే పద్ధతి) ఎక్కించి, ఎక్స్‌ప్రెస్ మోడ్ ఆన్ చేసి ఇచ్చాను. అది ఆన్‌లో ఉంటే లాక్ తీయక్కర్లేదు, ముఖం చూపించక్కర్లేదు, గేటు దగ్గర పసుపు రంగు రీడర్‌కి ఫోన్ ఆనిస్తే చాలు. ఎందుకైనా మంచిదని ప్లాస్టిక్ కార్డు కూడా ఆయన పర్సులో పెట్టాను.

"ఏది పెట్టినా ఒకటేనా?" అని అడిగారు. "ఒకటే నాన్నా, డబ్బులు పోయేది ఒక్క అకౌంట్లోంచే కదా" అన్నాను. అక్కడే తప్పులో కాలేశాను.

ఒకరోజు నీస్‌డెన్ గుడికి వెళ్లారు. వెళ్లడం బాగానే జరిగింది. తిరుగు ప్రయాణంలో నీస్‌డెన్ స్టేషన్లో ఫోన్‌తోనే లోపలికి వెళ్లారు. అప్పటికి బ్యాటరీ 6 శాతం. ఉన్న కాస్త ఛార్జింగ్ దిగేటప్పటికి మిగలాలని రైల్లో కూర్చుని ఫోన్ స్విచాఫ్ చేశారు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఎవరైనా అదే చేస్తారు. ఈస్ట్ హామ్‌లో గేటు ముందు నిలబడి మళ్లీ ఆన్ చేస్తే యాపిల్ బొమ్మ వచ్చింది, ఆరిపోయింది. మళ్లీ నొక్కారు, మళ్లీ ఆరిపోయింది. వెనక జనం. పర్సులోంచి కార్డు తీసి ఆనించారు, గేటు తెరుచుకుంది. ఇంటికొచ్చి ఆ కథ గొప్పగా చెప్పారు, నేను కూడా మెచ్చుకున్నాను.

మర్నాడు అకౌంట్ చూస్తే ఆ ఒక్క ప్రయాణానికి రెండు గరిష్ఠ ఛార్జీలు పడ్డాయి. ఎక్కేచోటో దిగేచోటో ఒక్కచోటే ఆనించినట్టు లెక్క తేలితే వేసే పెద్ద ఛార్జీ అది.

ఎందుకంటే, ఫోన్‌లోకి కార్డు ఎక్కించినప్పుడు అసలు కార్డు నంబరు ఫోన్‌లో ఉండదు. దాని బదులు ఆ ఫోన్‌కి వేరే నంబరు ఇస్తారు. ఫోన్‌లోని వ్యాలెట్ యాప్‌లో కార్డు వివరాలు తెరిచి చూడండి, అక్కడ డివైస్ అకౌంట్ నంబర్ అని ఉన్న చివరి నాలుగంకెలు, ప్లాస్టిక్ కార్డు మీదున్నవీ వేరు. వాచ్‌లో వేసుకుంటే దానికి ఇంకో నంబరు. బ్యాంకుకి అన్నీ ఒకే అకౌంటు కావచ్చు కానీ గేటుకి ముగ్గురు వేర్వేరు మనుషులు. దాని లెక్కలో నీస్‌డెన్‌లో ఎక్కినవాడు ఎక్కడా దిగలేదు, ఈస్ట్ హామ్‌లో దిగినవాడు ఎక్కడా ఎక్కలేదు. ఇద్దరికీ చెరో వాత. యూపీఐకి అలవాటు పడిన మన బుర్రకి ఇది తట్టదు. ట్యూబ్ వాళ్లకి ఫోన్ చేసి వివరం చెప్పుకుంటే సరిచేశారు, అది వేరే సంగతి.

ఇంతకంటే చల్లగా పోయే డబ్బు ఇంకోటుంది. రోజుకి ఇంత, సోమవారం నుంచి ఆదివారం వరకు వారానికి ఇంత దాటితే ఇక ఛార్జీ తీసుకోరు కదా, ఆ లెక్క కూడా దేనికదే. పొద్దున ఫోన్, మధ్యాహ్నం వాచ్, సాయంత్రం కార్డు వాడితే ఏదీ ఆ పరిమితి దాకా రాదు. బస్సులో ఒకసారి ఛార్జీ కడితే గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ తీసుకోరు, కానీ ప్రతి బస్సులోనూ అదే ఫోనో అదే కార్డో ఆనించాలి. దీనికి గరిష్ఠ ఛార్జీలాగా కంటికి కనపడే దెబ్బ ఏమీ ఉండదు, అందుకే నెలల తరబడి తెలియదు.

బ్యాటరీ సంగతి. ఐఫోన్ ఎక్స్‌ఎస్, ఆ తర్వాతి మోడళ్లలో ఛార్జింగ్ అయిపోయి దానంతట అదే ఆగిపోయినా, ఎక్స్‌ప్రెస్ కార్డు ఐదు గంటల దాకా పనిచేసే అవకాశం ఉంది. మనమే స్విచాఫ్ చేస్తే మాత్రం పనిచేయదు. అంటే నాన్న ఫోన్‌ని దాని మానాన వదిలేసి ఉంటే గేటు తెరుచుకునేదేమో! ఆగిపోయాక పక్క బటన్ పదేపదే నొక్కి చూసినా ఆ మిగిలిన ఛార్జింగ్ తొందరగా అయిపోతుంది. దారిలో టికెట్ తనిఖీకి వస్తే ఫోన్ ఆగిపోయిందంటే ఊరుకుంటారని అనుకోవద్దు. జరిమానా 100 పౌండ్లు, 21 రోజుల్లో కడితే 50.

ఇక ఆ షాపు. "బ్యాటరీ ఫస్ట్ క్లాస్" అన్నాడు, నేను సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ (కొత్తలో ఉన్న సత్తువలో ఇంకా ఎంత మిగిలిందో చెప్పే అంకె) తెరిచి చూడకుండా డబ్బులిచ్చాను. ఈ గొడవయ్యాక చూస్తే 71 శాతం. వెనక్కి తీసుకోమంటే "పని చేస్తోందిగా" అన్నాడు. రసీదు మీద మోడల్ పేరు తప్ప ఇంకేమీ రాయలేదు. పాత ఫోన్ కొనేవాళ్లు ఆ అంకె షాపులోనే చూసి, రసీదు మీద రాయించుకోండి. 80కి దిగువనుంటే టికెట్ పనికి వద్దే వద్దు.

ఇండియా కార్డుతో వచ్చేవాళ్లకి ఒక్క మాట. ఫోన్‌లో ఎక్కుతుందన్న నమ్మకంతో విమానం ఎక్కకండి. ప్లాస్టిక్ కార్డే తెచ్చుకుని, బయల్దేరేముందే బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్ చేసుకోండి. భార్యాభర్తలిద్దరూ ఒకే కార్డుతో గేటు దాటడం కుదరదు, ఎవరిది వాళ్లకి ఉండాలి. కార్డుని ఫోన్ కవర్ వెనక దోపి రీడర్‌కి ఆనించొద్దు, ఏది చదువుతుందో చెప్పలేం.

నాన్న మిగిలిన రోజులన్నీ ప్లాస్టిక్ కార్డుతోనే తిరిగారు. ఆ ఫోన్ ఇప్పుడు ఛార్జర్‌కి తగిలించి మా వంటింట్లో పాటలు పెట్టుకోవడానికి వాడుతున్నాం.