కోట గోడ మీద నడక: గాలే, తరంగంబాడి, మరో రెండు పాత రేవులు

క్రికెట్ చూసేవాళ్లకి గాలే కొత్తేమీ కాదు. టీవీలో స్టేడియం వెనక కనిపించే ఆ పాత కోట గోడ మీద నడవాలనే నేను శ్రీలంక వెళ్లాను. సముద్రం ఒడ్డున యూరప్ వాళ్లు కట్టుకున్న పాత పట్టణాలంటే నాకు ప్రాణం. కాలినడకన తిరగడానికి వాటిలో గాలేని మించింది ఇంతవరకూ కనపడలేదు.

కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో రైలెక్కితే సుమారు రెండున్నర గంటల ప్రయాణం. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, చాలా దూరం పట్టాల పక్కనే సముద్రం ఉంటుంది. దిగాక కోట దాకా నడిచే వెళ్లొచ్చు. పోర్చుగీసువాళ్లు 1588లో మొదలుపెట్టిన ఈ కోటని 1640లో డచ్చివాళ్లు గెలుచుకుని పెంచారు. లోపల 36 హెక్టార్ల ఊరు, దాని చుట్టూ గోడ. తీరిగ్గా గంటన్నర నడిస్తే ఒక చుట్టు పూర్తవుతుంది. ఎండ తగ్గాక వెళ్తే ఊరివాళ్లంతా అక్కడే కనిపిస్తారు. గోడ దగ్గరికి వెళ్లి చూడండి: రాళ్ల మధ్యలో పగడపు ముక్కలు, తేనెపట్టులా సన్నటి గళ్లతో. దొరికిన పగడాన్ని దొరికినట్టే పేర్చేశారు. సముద్రపు పోటు నీళ్లతో మురుగు కాలువలు కడుక్కుపోయేలా డచ్చివాళ్లు చేసిన ఏర్పాటు నాకు చర్చిల కంటే గొప్పగా అనిపించింది. 2004 సునామీలో బయటి ఊరు దెబ్బతిన్నా, లోపలి ఊరిని చాలావరకు ఈ గోడే కాపాడింది.

బస మాత్రం కోట లోపలే తీసుకోండి. పాత డచ్చి భవనాల్లోని హోటళ్లు ఖరీదే. కానీ తమ ఇంట్లోనే రెండు మూడు గదులు అద్దెకిచ్చే కుటుంబాలు చాలా ఉన్నాయి. మేం దిగినది అలాంటి ఇల్లే. గది చిన్నది, వేడినీళ్లు సరిగ్గా రాలేదు. అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. పగలు వచ్చే టూరిస్టు బస్సులు వెళ్లిపోయాక ఆ వీధులు ఎలా ఉంటాయో లోపల ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

తమిళనాడులోని తరంగంబాడి దీనికి పూర్తిగా వేరు. రైలు మయిలాడుతురై వరకే, అక్కణ్ణించి బస్సు. తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందం చేసుకుని డేన్మార్క్ వాళ్లు 1620లో ఇక్కడ డాన్స్‌బోర్గ్ కోట కట్టారు, 1845లో ఊరిని ఇంగ్లీషువాళ్లకి అమ్మేసి వెళ్లిపోయారు. 1792 నాటి ఊరి ద్వారం, రాజవీధి, రెండు పాత చర్చిలు, కోట, అన్నీ ఒక్క పూటలో నడిచి చూసేయొచ్చు. పక్కనే 1306 నాటి మాసిలామణి నాథర్ గుడిని కెరటాలు చాలావరకు కోసేశాయి. అది చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఉండటానికీ తినడానికీ చోట్లు మరీ తక్కువ, గది ముందే బుక్ చేసుకోకుండా వెళ్లొద్దు. సందడి కావాలనుకునేవాళ్లకి ఇక్కడ ఒక రోజు చాలు. నాకైతే ఇంకా ఉండాలనిపించింది.

పుదుచ్చేరి గురించి అందరికీ తెలిసిందే. బసల విషయంలో మాత్రం నాలుగింటిలో దానికే ఎక్కువ మార్కులు: అరవిందాశ్రమం గెస్ట్‌హౌస్‌ల నుంచి ఫ్రెంచి బంగళాల్లోని హోటళ్ల దాకా అన్ని బడ్జెట్లకీ దొరుకుతాయి. బీచ్ రోడ్డులో సాయంత్రం 6 నుంచి మర్నాడు ఉదయం 7.30 వరకు బళ్లు రానివ్వరు. తెల్లారగట్ల అక్కడ నడిచి తీరాలి. శని, ఆదివారాల్లో మాత్రం జనం, హారన్లు, వీధుల్లో అడ్డదిడ్డంగా స్కూటర్లు.

ఫోర్ట్ కొచ్చికి ఎర్నాకుళం నుంచి రోడ్డున వెళ్లకండి. ఫెర్రీ ఎక్కితే ట్రాఫిక్ టెన్షన్ ఉండదు, చీనా వలలున్న (ఒడ్డునే నిలబెట్టి చేపలు పట్టే పెద్ద వలలు) రేవు దగ్గరే దిగుతారు. వాస్కో డ గామాని 1524లో మొదట పూడ్చిన సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి అక్కణ్ణించి నాలుగడుగులే. హోమ్‌స్టేలు బోలెడు, మేమున్న ఇంటివాళ్ల మర్యాదకి వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా పాత యూదుల పేట ఉన్న మట్టాంచేరి రెండు కిలోమీటర్ల దూరం, అదీ లారీలు తిరిగే రోడ్డు. అంతవరకు ఆటోలో వెళ్లి, అక్కడ నడవడం మేలు. అక్కడి 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం శుక్ర, శనివారాల్లో తెరవరు, ప్రయాణం సోమ, గురువారాల మధ్య పడేలా చూసుకోండి.