ఆరేళ్లుగా రోమ్స్ మోడల్‌లో బంగాళాఖాతాన్ని నడిపాక

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే: రోమ్స్‌లో, అంటే సముద్రం కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టే ఈ ప్రోగ్రామ్‌లో, సుడులు (పదుల, వందల కి.మీ. వెడల్పున తిరిగే నీటి వలయాలు) సరిగ్గా వస్తాయా అని. వస్తాయి. కానీ అడుగు, అంచు, ఉప్పు, ఈ మూడూ కుదిరితేనే.

మన తూర్పు తీర ప్రవాహం మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరానికి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా దక్షిణానికి పోతుంది. ఈ మలుపు నాకు 25 కి.మీ. గ్రిడ్ (లెక్క కోసం సముద్రాన్ని విడగొట్టే గళ్లు) మీదే కనిపించింది, సుడులు మాత్రం చప్పగా ఉన్నాయి. ఈ అక్షాంశాల్లో సుడులకు సహజమైన కొలత సుమారు 60 కి.మీ. కాబట్టి 25 కి.మీ. గళ్లు దానికి రెండో మూడో దక్కుతాయి, అంతే. 9 కి.మీ.కి దిగాక ప్రవాహం తీరాన్ని వదిలి లోపలికి వంగడం, ఆ వంపు తెగి సుడిగా విడిపోవడం చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అడుగు దగ్గర చాలా జాగ్రత్త కావాలి. రోమ్స్‌లో నీటిని విడగొట్టే పొరలు సముద్రం అడుగును అనుసరించి వంగుతాయి, మన తీరంలోనేమో లోతు తక్కువున్న మేర దాటగానే నిట్టనిలువు వాలు. గాలి ఆపేసి, నిశ్చలంగా ఉన్న నీటితో నెల రోజులు నడిపితే వాలు వెంట ప్రవాహం పుట్టుకొచ్చింది! అది పీడనం లెక్కలో వచ్చే తప్పు. వాలును నునుపు చేస్తే తగ్గుతుంది, మరీ చేస్తే ప్రవాహం తన దారి తప్పుతుంది. ఈ పరీక్ష చేయకుండా ఎవరూ అసలు రన్ మొదలుపెట్టొద్దు.

మోడల్ దక్షిణ అంచులో, బయటి సముద్రం డేటాగా నెలవారీ సగటులు ఇచ్చి ఒక ఏడాది పోగొట్టుకున్నాను. భూమధ్యరేఖ దగ్గర పుట్టిన కెల్విన్ తరంగాలు (భూమధ్యరేఖ వెంట, తీరాల వెంట సాగే భారీ అలలు) అఖాతం అంచు వెంట తిరిగి మన తీరానికి వస్తాయి, సగటుల్లో అవి చెరిగిపోతాయి. రోజువారీ డేటా ఇవ్వండి.

ఇక ఉప్పు. రన్ దారి తప్పకుండా లవణీయతను సగటు విలువల వైపు లాగే సౌకర్యం ఉంది, నేనూ వాడాను, దాంతో వర్షాకాలం తర్వాత గంగా బ్రహ్మపుత్రల మంచినీరు తీరాన్ని పట్టుకుని దక్షిణానికి దిగే పల్చటి పొరే మాయమైంది. బంగాళాఖాతంలో దాన్ని పోగొట్టుకుంటే మిగిలేది వేరే సముద్రం. నదుల నీటిని నేరుగా ఇచ్చి, ఆ లాగుడును బాగా తగ్గించాక గానీ నా సుడులు నమ్మేలా రాలేదు.

శాటిలైట్‌లో కనిపించిన సుడి అదే రోజు అదే చోట మీ రన్‌లో లేకపోతే టెన్షన్ పడకండి, పరిశీలనలను మోడల్‌లో కలపకుండా అది రాదు. సుడుల శక్తి ఏ నెలలో, ఎక్కడ ఎక్కువుందో పోల్చండి. పెద్ద క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) లేనివాళ్లు రోమ్స్‌తోపాటే వచ్చే డబుల్ జైర్ టెస్ట్ కేసుతో (ఊహా సముద్రంలో రెండు పెద్ద వలయ ప్రవాహాలు తిరిగే నమూనా) మొదలుపెట్టొచ్చు, ల్యాప్‌టాప్ మీదే నడుస్తుంది, సముద్రం పశ్చిమ గట్టు దగ్గర ప్రవాహం ఎందుకు సన్నబడి వేగం పుంజుకుంటుందో కళ్లారా చూడొచ్చు.