రాత్రంతా శాస్త్రీయ సంగీతం: హన్మకొండలో ఏళ్ల వాడకం తర్వాత

అర్ధరాత్రి దాటాక రేడియోలో శాస్త్రీయ సంగీతం వినాలంటే హన్మకొండ, వరంగల్, కాజీపేట వాళ్లకు ఇప్పుడున్న గట్టి ఆధారం ఆకాశవాణి 'రాగం' ఛానల్. 2016 జనవరి 26న మొదలైంది. 24 గంటలూ హిందుస్తానీ, కర్ణాటక సంగీతమే. ఇక్కడ దాన్ని వినేది మామూలు సెట్టులో కాదు, డిష్‌లోనో ఫోన్‌లోనో. వరంగల్ ఎఫ్‌ఎం 103.5లో శాస్త్రీయ సంగీతం వస్తుంది గానీ రాత్రంతా సాగేది కాదు. ఒకప్పుడు నాగ్‌పూర్ నుంచి 1566 కిలోహెర్ట్జ్ మీద, 1000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్‌తో జాతీయ ఛానల్ తెల్లవార్లూ వచ్చేది. నాగ్‌పూర్ మనకు ఉత్తరాన సుమారు 350 కిలోమీటర్లే కాబట్టి చిన్న సెట్టుకూ అందేది. 1988లో మొదలైన ఆ ఛానల్ మూతపడింది. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. అందులో తంబూర మెరుపు ఎలాగూ సగం పోతుంది. దానికితోడు ఇప్పుడు ఇంట్లో ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు చేసే గరగర. మీడియం వేవే కావాలనుకుంటే ముందు వాటిని ఆపి, సెట్టును చుట్టూ తిప్పి చూడండి. లోపలి ఫెర్రైట్ కడ్డీ (సెట్టు ఏరియల్ అదే) కొస స్టేషన్ వైపు ఉంటే శబ్దం పడిపోతుంది, అడ్డంగా ఉంటే పెరుగుతుంది.

రాత్రి వినడానికి మా మొదటి ఓటు డీడీ ఫ్రీ డిష్ డబ్బాకే (సెట్‌టాప్ బాక్స్). రిమోట్‌లో రేడియో జాబితాకు వెళ్లి రాగం మీద ఆపి, వెనుక ఎరుపు, తెలుపు ఆడియో సాకెట్ల నుంచి యాంప్లిఫైయర్‌కు తీగ ఇవ్వాలి. ఛానల్ ఎంచుకునేదాకే టీవీ అవసరం, తర్వాత కట్టేయొచ్చు. గదిలో వెలుతురు ఉండదు, నెట్ ఖర్చు లేదు. ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. వరంగల్ నుంచి చూస్తే ఆగ్నేయంగా, దాదాపు 63 డిగ్రీల ఎత్తులో. పక్క మేడలు పెద్దగా అడ్డం రావు, డిష్‌కు ఎదురుగా ఎదిగిన వేపకొమ్మ మాత్రం అడ్డమే. జోరువానలో పాట ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. అప్పుడు డిష్ కదపొద్దు, వాన తగ్గగానే అదే వస్తుంది. వాన వెలిసిన గంటకూ రాకపోతే ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే చిన్న రిసీవర్) దగ్గరి కనెక్టర్‌లో నీరు దిగిందని అర్థం. విప్పి తుడిచి, ఆరనిచ్చి, టేపు గట్టిగా చుట్టాలి. కరెంటు పోయి వస్తే కొన్ని డబ్బాలు మొదటి ఛానల్‌కు పోతాయి. రాత్రి రెండింటికి ఏ ప్రకటనో మోగితే నిద్ర పాడు. చిన్న ఇన్వర్టర్ మీద పెడితే ఆ బాధ లేదు.

ఫోన్‌లో ఆకాశవాణి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ రెండో దారి. 64 కిలోబిట్ల స్ట్రీమ్ అయితే గంటకు సుమారు 29 ఎంబీ, ఆరు గంటలకు 173 ఎంబీ. తెర ఆరిన కాసేపటికి పాట ఆగిపోతుంటే నెట్‌ను తిట్టుకోకముందు ఫోన్ సెట్టింగుల్లో ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయండి. ఎక్కువసార్లు కారణం అదే.

స్పీకర్ గురించి కొంచెం ఆగాలి. మగ గాయకుడు ఒకటిన్నర శ్రుతిలో (C#) పాడితే షడ్జమం, అంటే 'స', సుమారు 139 హెర్ట్జ్, తంబూర మంద్ర షడ్జమం 69. అరచేతిలో పట్టే బ్లూటూత్ డబ్బా అంత కిందికి దిగదు. పై స్వరాల నుంచి చెవి దాన్ని ఊహించుకుంటుందే తప్ప తబలా బాయా (ఎడమ డోలు) గుమికి, మృదంగం తొప్పి (ఎడమ వైపు) నాదం ఉత్త టకటకలవుతాయి. 5 అంగుళాల పాత చెక్కపెట్టె స్పీకర్ ఒక్కటున్నా చాలా తేడా. గోడ మూలకు జరిపితే కింది స్వరం ఇంకా నిండుతుంది.

ఇక అనౌన్సర్లు. రాత్రి ప్రసారం మంచిచెడ్డలు సగం వీళ్ల చేతుల్లోనే ఉన్నాయి. రాత్రి వినేవాళ్లు మొదటినుంచీ వినరు, మధ్యలో మెలకువ వచ్చి వింటారు. యాభై నిమిషాల బడా ఖయాల్ (నెమ్మదిగా సాగే హిందుస్తానీ గానం) నడుమ లేచినవాడికి ముందు చెప్పిన పేరు దొరకదు. అందుకే ముగిశాక కళాకారులు, రాగం, తాళం, పక్కవాద్యాలు మళ్లీ చెప్పే అనౌన్సరే మాకు గొప్ప. చివరి షడ్జమం తర్వాత మూడు నాలుగు సెకన్లు ఆగి మాట్లాడేవారు ఇంకా గొప్ప. తంబూర మోగుతుండగానే గొంతు కలిపితే అంతసేపు కట్టిన రాగం చెదిరిపోతుంది. వాల్యూమ్ ఎప్పుడూ అనౌన్సర్ గొంతుకు సరిపెట్టుకోండి, ఆలాపనకు కాదు. నెమ్మదైన విలంబిత ఆలాపన వినబడేలా పెంచితే తర్వాతి అనౌన్స్‌మెంట్ ఇంటిల్లిపాదినీ లేపుతుంది.

తెలుగువాళ్లకు మరో చిక్కు రాగాల పేర్లలో. హిందుస్తానీ మాల్కౌఁస్ అంటే మన కర్ణాటక హిందోళం స్వరాలే, వాళ్ల హిందోల్ మాత్రం వేరు. వాళ్ల తోడి మన శుభపంతువరాళి, వాళ్ల భైరవ్ మన మాయామాళవగౌళ. ఈ జోడింపు ఒక్క వాక్యంలో చెప్పే అనౌన్సర్ దొరికితే ఆ రాత్రి బంగారం. చెప్పకపోతే తంబూర వినండి. హిందుస్తానీలో మాల్కౌఁస్‌కు పంచమం (ప) లేదు కనుక తంబూర మొదటి తీగ మధ్యమానికి (మ) దిగుతుంది. కర్ణాటక కచేరీలో హిందోళం పాడినా సాధారణంగా పంచమమే మోగుతుంటుంది. గొంతు విప్పకముందే ఏ సంప్రదాయమో తెలిసిపోతుంది.

పాత రికార్డింగుల్లో హార్మోనియం లేదని ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని నిషేధించింది. గాయకుడి వెనుక సారంగి అంత నిండుగా వినబడటానికి ఒక కారణం అదే.

వేళలకు వస్తే, రాగ సమయం పాటించి పాటలు కూర్చిన రాత్రులు వేరే తరగతి. తొమ్మిది తర్వాత బాగేశ్రీ, బిహాగ్, అర్ధరాత్రికి దర్బారీ, మాల్కౌఁస్, తెల్లవారుజామున లలిత్. దర్బారీ గాంధారం (గ) ఊగే తీరు నిశ్శబ్దంలోనే పట్టుబడుతుంది, పగటి ఫ్యాను శబ్దంలో అది మామూలు గాంధారంలా దాటిపోతుంది. లలిత్‌లో రెండు మధ్యమాలూ పక్కపక్కనే వస్తాయి, పంచమం ఉండదు. నాలుగింటికి కిటికీ తెరిచి, స్పీకర్‌ను మరో రెండు గీతలు తగ్గించి వింటే ఆ రెండు మధ్యమాల నడుమ సందు స్పష్టంగా వినబడుతుంది.